సముద్రంలో పడ్డ బస్సు

బరంపురం బడా బజార్ వెనక సందులో మా ఇల్లు. ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. మా ఆయన పాత్రపూర్ రూటులో ప్రైవేటు బస్సు డ్రైవరు. పొద్దుటి ట్రిప్పు దిగి, సాయంత్రం ట్రిప్పు ఎక్కేలోపు ఇంటికొచ్చి అన్నం తిని కాసేపు నడుం వాలుస్తాడు. వరసకి నాకు మేనమామ. పెళ్ళయి ఇన్నేళ్ళయినా, మా అమ్మాయి కటక్‌లో నర్సింగ్ చదివేంతదైనా, నాకు ఆయన ఇంకా 'మావా'యే.

ఆ అమ్మాయి కొత్త ఫోను కొనుక్కుని పాతది నాకిచ్చింది. దానికి ఒక మూల అద్దం పగిలి ఉంది. వెనక మూత వదులై ఊడిపోతుంటే జాకెట్ చేతులకు వేసే ఎలాస్టిక్ ముక్కతో చుట్టి కట్టాను. సౌండు పెంచే బటన్ నొక్కితే సౌండు పెరగదు గాని, తెరమీద ఉన్నది ఫోటో పడుతుంది. అలా పడిన పనికిరాని ఫోటోలతోనే ఆ ఫోను సగం నిండిపోయి ఉండేది.

ఒకరోజు ఆ ఫోనులో లెక్కల మిషను కోసం వెతుకుతూ పక్కనున్న బొమ్మ నొక్కాను. ఒక బస్సు డిపోలో నిలబడి ఉంది. మా అమ్మాయి తీసేయడం మరిచిపోయిన ఆట అది. ఎడమవైపు స్టీరింగు, కుడివైపు రెండు పెడళ్ళు. డ్రైవరు పెళ్ళానికి ఇంజను పక్క సీటు ఎప్పుడూ ఉంటుంది గాని స్టీరింగు ఎవరిస్తారు? నేను మెల్లిగా వేలు పెట్టాను. బస్సు కదిలింది.

కదిలింది బస్సొక్కటే కాదు, నా కాలు కూడా. కుట్టుమిషను ముందు కూర్చుని ఆడుతున్నానేమో, వేగం పెంచాలనుకున్నప్పుడల్లా అలవాటుగా కింద మిషను తొక్కుడు తొక్కేశాను. బస్సు డిపో గేటు దాటే లోపల పురుషోత్తంపూర్ పెళ్ళివారి పట్టు జాకెట్‌కి చెయ్యి మూతి పూర్తిగా మూసి కుట్టేశాను. ఆ కుట్లన్నీ విప్పడానికి ఆడినదానికంటే ఎక్కువసేపు పట్టింది. అప్పటినుంచి మిషను ముందు ఆడటం మాని, నేలమీద బాసింపట్టు వేసుకుని ఆడేదాన్ని.

ఆ ఫోనుకి ఆ ఆట బరువే. బొమ్మల నాణ్యత అంతా అడుగు స్థాయిలో పెడితేగాని నడిచేది కాదు. చెట్లు పచ్చ గొడుగుల్లా ఉండేవి. మనుషులకి ముఖాలు ఉండేవి కావు, నీడలూ ఉండేవి కావు. రోడ్డు ముందుగా కనబడేది కాదు, బస్సు వెళ్తుంటే ముక్కముక్కగా పుట్టేది. ఒక్కోసారి కొండ పుట్టడం ఆలస్యమై నేను కొండలోపలికి వెళ్ళిపోయి, ఆ తర్వాత కొండ నా చుట్టూ వచ్చేది. ఆటలో వాన మొదలైతే ఫోను ఇక పనిచేసేది కాదు. అందుకని మబ్బు పట్టగానే బస్సు తీసుకుని డిపోకి పరిగెత్తేదాన్ని. పెరట్లో ఆరేసిన బట్టల కోసం కూడా నేనెప్పుడూ అంత పరిగెత్తలేదు. ఫోను వేడెక్కితే తడిపిన లైనింగ్ గుడ్డ నేలమీద పరిచి, దాని పక్కన ఫ్యాను కింద పెట్టేదాన్ని. చంటిబిడ్డకి జ్వరమొచ్చినట్టే.

అయినా నాకు ఎంత బాగుండేదో చెప్పలేను. ఇంట్లోంచి కదలకుండా ఘాట్ రోడ్డు ఎక్కేదాన్ని. ఒకవైపు కొండ, ఒకవైపు కింద సముద్రం. మలుపు దగ్గర హారన్ కొట్టేదాన్ని. ఎవరూ నన్ను 'అక్కా, నా జాకెట్ అయిందా' అని అడిగేవారు కాదు.

కొన్నాళ్ళకి ఆ ఆటలో నలుగురితో కలిసి నడిపే చోటు ఒకటుందని తెలిసింది. లోపలికి వెళ్తే పేరు అడిగింది. సొంత పేరు పెట్టడానికి భయమేసింది. ఏదో ఒకటి కొడదామని మొదలుపెట్టాను. గుడ్డల దుకాణానికి రోజూ మెసేజీలు పెట్టి పెట్టి ఉన్నానేమో, ఫోనే ముందుకొచ్చి 'లైనింగ్' అని అందించింది. సరే అన్నాను. ఆ రోడ్డు మీద నా పేరు లైనింగ్. అందరూ నన్ను మగవాడనుకుని 'లైనింగ్ భాయ్' అని రాసేవారు.

అక్కడే కిరీటాలవాడు తగిలాడు. పేరుకి ముందొక కిరీటం బొమ్మ, వెనకొక కిరీటం బొమ్మ పెట్టుకున్నవాడు. వాడికి ఎక్కడికీ వెళ్ళే పని లేదు. ఘాట్ మలుపులో బస్సు ఆపుకుని కాచుక్కూర్చుని, మెల్లగా వచ్చేవాళ్ళని గుద్ది సముద్రంలోకి తోసేవాడు. నేను మెల్లగానే వచ్చేదాన్ని. తోసిన తర్వాత మైకులో హిందీలో తిట్టేవాడు. ఆ మాటలు ఇక్కడ రాయను. సగం నాకు అర్థం కాలేదు. అర్థమైన సగమే చాలా ఎక్కువ.

మొదటిసారి చెవులు వేడెక్కిపోయాయి. పక్కింటివాళ్ళు విన్నారేమోనని కిటికీ వైపు చూశాను. తప్పేదో నేనే చేసినట్టు ఫోను బోర్లా పెట్టి, పైన జాకెట్ గుడ్డ కప్పాను. తర్వాత కొన్నిరోజులు దాని జోలికి పోలేదు. అమ్మాయి ఫోను చేసినప్పుడు మాటల్లో బయటపడింది.

"అమ్మా, నువ్వు గేమ్ ఆడతన్నావా?" అని ముందు అది నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు అయ్యాక, "అలాంటోల్లు అంతటా ఉంటారమ్మా. మ్యూట్ సేసీ" అంది.

"మ్యూటంటే ఏటి?"

"ఆడి నోరు ఆడికే ఇనబడతాది. నీకు ఇనబడదు."

"గుద్దడం మానతాడేటి?"

"మానడు. గుద్దినా ఆడి నవ్వు ఇనబడదు కదా. రిపోర్ట్ కూడా సెయ్యి. ఇంకోటి ఇనుకో, నువ్వెవులవో ఎక్కడుంటావో మాత్రం ఎవులికీ సెప్పకు."

మ్యూట్ నేర్చుకున్నాను. అది నిజంగా మంచి మందు. నోరు కదులుతున్న గుర్తు తెరమీద మిణుక్కుమంటుంది, మాట రాదు. మా వాళ్ళలో కొందరికి కూడా అలాంటి బటన్ ఉంటే బాగుండుననిపించింది. రిపోర్ట్ కూడా చేశాను. ఎంతో మర్యాదగా, 'ఈ మనిషి రోజూ నా బస్సును తోస్తున్నాడు, దయచేసి చూడండి' అని రాశాను. కాసేపటికి జవాబొచ్చింది. మా ఆట మీకు నచ్చిందా, నక్షత్రాలు ఇవ్వండి అని ఉంది. గిరాకీతో మాట్లాడే అలవాటు ఎక్కడికి పోతుంది? అన్ని నక్షత్రాలూ ఇచ్చేశాను.

ఇదంతా మా ఆయనకి తెలియదు. ఒక మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నాడనుకుని నేను ఘాట్ ఎక్కుతుంటే, వెనకనుంచి గొంతు వినబడింది.

"ఇండికేటరేదే?"

నేను ఉలిక్కిపడ్డాను. బస్సు రాయికి తగిలింది.

"ఏటది? బస్సేటి? నువ్వు నడుపుతన్నావేటి?" అని పక్కన కూర్చున్నాడు. "మలుపులో అలగ తిప్పితే ఎనక సీటోల్లు ఒకల మీద ఒకలు పడతారు. ఇలాగియ్యి. సూడు ఎలగ నడపాలో."

ఇచ్చాను. ఆయన ఫోను రెండు చేతులా పట్టుకుని వీపు నిటారుగా పెట్టాడు. ఆట మళ్ళీ మొదలై బస్సు డిపోలో నిలబడింది. ఆయనా కదలలేదు, బస్సూ కదలలేదు.

"ఎల్లు మావా."

"కండక్టరేడి?"

"కండక్టరు నేడు."

"మరి రైట్ ఎవులంటారు?"

"నానంటాను లే. రైట్!"

ఎడమకాలు నేలకేసి గట్టిగా నొక్కాడు. "క్లచ్చేదే దీనికి?" అన్నాడు. లేదని చెప్పేలోపు కుడి బొటనవేలు దిగింది. బస్సు డిపో గోడని తాకి, ముఖాల్లేని మనుషులు నిలబడ్డ స్టాపు మధ్యలోంచి వెళ్ళి, తిన్నగా ఉన్న రోడ్డును వదిలేసి, మలుపు రాకముందే సముద్రంలో పడిపోయింది. గుద్దడానికి కిరీటాలవాడి అవసరమే రాలేదు.

ఆయన నోరు తెరుచుకుని చూస్తున్నాడు. కంగారులో తెరంతా వేళ్ళు పెట్టేసరికి, నేను కట్టేసిన మా మైకూ, వాడి గొంతూ రెండూ తెరుచుకున్నాయి. కిరీటాలవాడు పగలబడి నవ్వుతున్నాడు. "లైనింగ్! నీకు లైసెన్సు ఇచ్చినవాడెవడ్రా?" అని హిందీలో అడిగాడు.

మా ఆయన ముఖం ఎర్రబడింది.

"లైసెన్సా? నా లైసెన్సు అడుగుతన్నాడా ఈడు?"

లేచి వెళ్ళి, కొక్కేనికి తగిలించిన చొక్కా జేబులోంచి లైసెన్సు తెచ్చి ఫోను ముందు పెట్టాడు.

"సూడ్రా! హెవీ! కళ్ళు పెట్టి సూడు, హెవీ!"

"మావా, ఆడికి కనపడదు."

"కనపడదా? ఇనబడతాది కదా? అయితే సదివీస్తాను." లైసెన్సుని ట్యూబులైటు వైపు పట్టుకుని పేరు దగ్గర మొదలుపెట్టబోయాడు. అమ్మాయి చెప్పిన మాట గుర్తొచ్చి నేను ఒక చేత్తో ఆయన నోరు మూసి, రెండో చేత్తో ఫోను ఆపాను. ఆ సాయంత్రం ఆయన టీ కూడా తాగకుండా ట్రిప్పుకి వెళ్ళాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆయన చెప్పులు విసురుగా విడిచిన చప్పుడు విని, బస్సుకేమైనా అయిందేమో అనుకున్నాను.

"ఏటయింది మావా?"

"ఏటవుతాది! ఆ కండక్టరుతోటి సెప్పడం నాదే బుద్ధి తక్కువ."

నిన్న బస్సును సముద్రంలో పడేశానని కండక్టరుకి చెప్పుకున్నాడట, మనసు తేలికవుతుందని. ఆ కండక్టరు పాత్రపూర్ స్టాండులో టీకొట్టు దగ్గర అదే మాట, ఫోను సంగతి తీసేసి చెప్పాడట. బస్సు తీసే వేళకి ఒక ముసలమ్మ బుట్ట చంకన పెట్టుకుని, ఒక కాలు మెట్టు మీద ఒక కాలు నేల మీద ఉంచి అడిగిందట.

"బాబూ, బస్సుని సంద్రంలో పడేసినోడివి నువ్వేనేటి?"

"అది ఫోన్లో అమ్మా."

"అయ్యో, ఫోను కూడా పడిపోనాదా?"

అని బాధపడి, ముందు సీటు ఖాళీగా ఉన్నా వెనక తలుపు దగ్గర కూర్చుందట. దారంతా ఒక చెయ్యి తలుపు కమ్మీ మీదనే ఉందట.

"ఆ రోడ్డులో సంద్రమెక్కడున్నాదే? నువ్వు సెప్పు. పడేద్దామన్నా సంద్రముండాల కదా?" అని ఆయన నన్ను నిలదీశాడు. నాకు నవ్వు ఆగలేదు. నవ్వీ నవ్వీ సూదిలోకి దారం ఎక్కించలేకపోయాను. ఆయన అలిగి, గోడవైపు తిరిగి కూర్చునే అన్నాడు.

"నేర్పు."

"ఏటి?"

"అదే. ఫోను. బస్సు నాకొచ్చు. ఫోను నేర్పు."

నేర్పడం అంత సులువు కాలేదు. అసలు బస్సులో ఆయనకి రోడ్డు ఒంట్లోంచి తెలుస్తుంది. సీటు కిందనుంచి వచ్చే అదురు, స్టీరింగు వణుకు, ఇంజను గొంతు ఉంటాయి. ఇక్కడ గాజుపలక మీద బొటనవేలికి ఏమీ తెలియదు. మలుపొస్తే ఆయన ఒళ్ళంతా వంచేవాడు, బస్సు మాత్రం వంగేది కాదు. ఒకసారి వంగి వంగి నా ఒళ్ళో పడ్డాడు, బస్సు సముద్రంలో పడింది. ఇంకో ఇబ్బంది, ఆయన ఏ స్టాపూ వదలడు. ముఖాల్లేని ప్రయాణికులు ఎక్కేదాకా ఆగి, వెనక వచ్చేవాళ్ళకి చెయ్యి ఊపి దారిచ్చేవాడు. ఆ చెయ్యి మా ముందుగదిలో ఊగేది. అవతలివాళ్ళకి కనబడక తిట్టేవారు. నేను మ్యూట్ చేసేదాన్ని. ఆయన ఒప్పుకునేవాడు కాదు.

"ఇననీ. బస్సులో రోజూ ఇంటాను. సీటు దొరకనోడు నన్నే తిడతాడు. రోడ్డు బాగోపోతే నన్నే తిడతాడు. ఈల్లు కొత్తేటి?"

"మరి ఆ రోజు లైసెన్సు ఎందుకు సూపించినావు?"

స్టాపు వచ్చిందని ఆయన బస్సు ఆపాడు.

అలా కొన్ని వారాలు గడిచాక ఒక ఎండమధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాను లేదు. తడిగుడ్డ కూడా వేడెక్కింది. మా ఆయన చేతిలో ఫోను కాలిపోతోంది గాని, ఆ రోజు ఆయన ఎన్నడూ లేనంత బాగా నడుపుతున్నాడు. ఘాట్ సగం ఎక్కాడు. మలుపు దగ్గర ముగ్గురు అడ్డంగా నిలబడి ఉన్నారు. మధ్యలో కిరీటాలవాడు, చెరోపక్క వాడి స్నేహితులు.

"తోసీడానికే ఉన్నారు" అన్నాడు మా ఆయన మెల్లగా.

"ఎనక్కి తీసీ మావా!"

"ఎనకాల సూసి సెప్పేవోడు నేకుండా ఘాట్‌లో బస్సు ఎనక్కి తీస్తారేటే?" అని బ్రేకు మీద బొటనవేలు పెట్టి బస్సు ఆపేశాడు. ముగ్గురూ ఒక్కసారి మా మీదకి వచ్చారు. సరిగ్గా అప్పుడు ఫోను బిగుసుకుపోయింది. తెరమీద మూడు బస్సులూ మా అద్దం ముందు అలాగే నిలిచిపోయాయి. నేను కళ్ళు మూసుకున్నాను. ఆయన బ్రేకు మీద వేలు తీయలేదు. వేలి కొస తెల్లబడిపోయింది.

ఫోను మళ్ళీ కదిలేసరికి రోడ్డు ఖాళీగా ఉంది. మా బస్సు ఉన్నచోటే ఉంది. కింద సముద్రంలో మూడు బస్సుల టాపులు మునుగుతున్నాయి.

ఏం జరిగిందో తర్వాత అమ్మాయి చెప్పింది. మా ఫోను అంత మెల్లనైనది కాబట్టి మేము ఉన్నచోటు ఒకటీ, వాళ్ళకి కనబడే చోటు ఇంకొకటీ అట. లేని బస్సును గుద్దబోయి తిన్నగా వెళ్ళిపోయారు. కానీ ఆ క్షణంలో మాకు అది తెలియదు.

"సూసినావా?" అన్నాడు మా ఆయన.

"ఏటి సూడ్డం? ఫోను ఆగిపోనాది."

"నాను బ్రేకు ఒదిలినానా?"

"నేదు."

"మరి! బస్సు ఆపడం కూడా డ్రైవింగేనే."

అప్పుడు మొదలైంది కిరీటాలవాడి తిట్లు. మాది దొంగ ఫోనట, దొంగ బస్సట, ఇంకా ఏవేవో అట. మధ్యలో వాడి వెనక ఎక్కడో అద్దం తలుపు తెరుచుకున్న చప్పుడైంది. ఆ గొంతే, ఆ నోరే, గుక్క తిప్పుకోకుండా హిందీలోంచి ఒడియాలోకి దిగి, బెల్లంపాకంలా సాగింది.

"ఆగ్యా, ఆసొంతు, ఆసొంతు... బొసొంతు."

రండి, కూర్చోండి అని. ఒడియా మా ఇంటి భాష కాదు గాని మాకు రానిది కాదు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఎవరో ఆడమనిషి నీళ్ళ ట్యాపు చూపించమంది. చుక్కచుక్కా కారదు కదా అని అడిగింది. "కారదు అమ్మా, నా మాట నమ్మండి, మీ ఇంటికొచ్చి నేనే బిగిస్తాను" అన్నాడు. ఆమె ఇంకోటి చూపించమంది. "తప్పకుండా అమ్మా" అని, మైకు దగ్గరకొచ్చి గొంతు తగ్గించి మమ్మల్ని ఇంకో బూతు తిట్టి, మళ్ళీ "ఇదిగో అమ్మా, ఇది చూడండి" అన్నాడు.

నేను వాడిని ఇన్నాళ్ళూ మీసాలు రాని కుర్రాడనుకున్నాను. ఈ తీయని గొంతు నడివయసు వ్యాపారిది.

మా ఆయన మైకు నొక్కి, ఫోను నోటి దగ్గర పెట్టుకుని ఒడియాలో, ఎంతో నెమ్మదిగా అన్నాడు. "బాబూ, ముందు మీ గిరాకీని చూసుకోండి. మేం ఎక్కడికీ పోం. ఇక్కడే ఆగి ఉంటాం."

అవతల ట్యాపు ఏదో గల్లా బల్ల మీద పెట్టిన చప్పుడు వచ్చింది. తర్వాత చిన్న గొంతుతో, "మీరు... మీది ఏ ఊరు?" అని అడిగాడు.

"మాది బరం..." అని మా ఆయన సంతోషంగా మొదలుపెట్టేలోపు నేను మైకు కట్టేశాను.

వాడు మారిపోయాడని చెప్పలేను. మర్నాడు కూడా మమ్మల్ని గుద్దాడు, కాకపోతే నోరు విప్పకుండా గుద్దాడు. నాకు మాత్రం ఆ గొంతు మనసులోంచి పోలేదు. అది నాకు తెలిసిన గొంతే. కొలతలిచ్చిన నాటికీ జాకెట్ తీసుకెళ్ళే నాటికీ మధ్య ఒళ్ళు చేసి, 'బిగుతుగా కుట్టేశావు' అని దెబ్బలాడే ఆవిడతో, 'తప్పు నీది కాదమ్మా, గుడ్డే కుంచించుకుపోనాది' అంటానే, ఆ గొంతు. రోజంతా అంత తీయగా మాట్లాడేవాడికి ఎక్కడో ఒకచోట చేదు కక్కుకోవాలనిపిస్తుందేమో. అలా అనుకుంటే కోపం కొంత తగ్గింది. అయినా ఆ చేదు నా బస్సు మీదే ఎందుకు కక్కాలో అర్థం కాలేదు, కాబట్టి వాడిని మళ్ళీ మ్యూట్ చేశాను. ఒక్క ఇబ్బంది మిగిలింది. మా పెరట్లో ట్యాపు పాడైనప్పుడు బజారులో దుకాణానికి వెళ్తే, అక్కడాయన పాపం "ఆగ్యా, బొసొంతు" అన్నాడు. నేను కూర్చోకుండా చాలాసేపు ఆయన ముఖం వైపే చూశాను. ఆయన కంగారుపడి ధర తగ్గించాడు.

తర్వాత మేం ఆ గుంపు వదిలేసి, జనం పలచగా ఉండే ఇంకో చోటు చూసుకున్నాం. అక్కడ అందరివీ మా ఫోను లాంటి ఫోన్లేనేమో, బస్సులన్నీ గెంతుకుంటూ పోయేవి. ఎవరూ ఎవరినీ గుద్దేవారు కాదు. గుద్దాలన్నా ఎక్కడున్నారో తెలియాలి కదా. వెలుతురు తగ్గితే ఒకరికొకరు లైట్లు కొట్టుకునేవారు. అది చూసి మా ఆయన, "ఈల్లలో ఎవులో ఒకలు నిజం లైను బస్సు నడిపినోడు ఉన్నాడే" అనేవాడు.

వానలు మొదలైన రోజుల్లో, ట్రిప్పు రద్దయి ఆయన ఇంట్లోనే ఉన్న ఒక మధ్యాహ్నం, మొదటిసారి ఘాట్ చివరిదాకా ఎక్కాడు. నేను జాకెట్ పక్కన పడేసి చూస్తూ కూర్చున్నాను. పైన ఏముంటుందో నాకూ తెలియదు, నేనూ ఎప్పుడూ అంతదూరం వెళ్ళలేదు. చూస్తే ఏమీ లేదు. గీతలు గీసిన ఖాళీ స్థలం, మూసి ఉన్నట్టు రంగు వేసిన ఒక దుకాణం, ఒక బల్ల. మనుషుల్ని మా ఫోను చూపించలేదు. ఆయన బస్సును గీతల మధ్య తిన్నగా పెట్టి, అటూ ఇటూ చూసి, ఫోను పొట్ట మీద పెట్టుకుని ఒళ్ళు విరుచుకున్నాడు.

"టీ ఎట్టు" అన్నాడు.

వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టాను. తెచ్చేసరికి నిద్రపోయాడు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. పొట్ట మీద ఫోనులో ఇంజను ఇంకా నడుస్తూనే ఉంది. టీ గ్లాసు పక్కన పెట్టి, ఫోను మెల్లగా తీసుకున్నాను. ఆటలో మబ్బు పట్టడం మొదలైంది. గేరు వేసి బస్సు కిందికి తిప్పాను. ఆయన ఎక్కించినవాళ్ళని వాన రాకముందే దింపాలి కదా.